కచేరీ వాళ్లది, ఖర్చు మనది

1867 జూలైలో ఒట్టోమన్ సుల్తాను అబ్దుల్ అజీజ్ లండన్ వచ్చాడు. ఆ వంశపు సుల్తాను ఒకరు దండయాత్ర మీద కాక అతిథిగా పశ్చిమ యూరప్‌లో అడుగుపెట్టడం అదే మొదలు. అంతటి అతిథికి విందు ఎక్కడ ఇవ్వాలా అని బ్రిటిష్ ప్రభుత్వం ఎక్కువగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. వైట్‌హాల్‌లో భారత వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసుకు కొత్త భవనం అప్పుడే తయారవుతోంది. నాలుగు వైపులా అంతస్తు మీద అంతస్తుగా స్తంభాల వరసలు, నడుమ పాలరాయి పరిచిన విశాలమైన ముంగిలి. నాట్యవిందు ఘనంగా జరిగింది. ఆతిథ్యం ఇచ్చిన పేరు బ్రిటన్‌కు దక్కింది. బిల్లు భారత ఖజానా పద్దులో పడింది.

అంతకు ముందు ఏడాదే ఒరిస్సాలో కరువు వచ్చి సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఆ కరువు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాను కూడా పట్టి పీడించింది. అటువంటి ఏడాది శిస్తు కట్టిన రైతు సొమ్ముతో లండన్‌లో సుల్తానుకు విందు చేయడమేమిటని హౌస్ ఆఫ్ కామన్స్‌లో అడిగినవాడు హెన్రీ ఫాసెట్. కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం ప్రొఫెసర్. పాతికేళ్ల వయసులో వేటలో తండ్రి తుపాకీ గుండ్లు తగిలి రెండు కళ్లూ పోగొట్టుకున్న మనిషి. సుల్తాను స్నేహం భారత్‌కూ అవసరమేనన్న వాదానికి కొంత ఆధారం లేకపోలేదు. 1865లో భారత్‌కు చేరిన టెలిగ్రాఫ్ తీగ ఆయన ఏలుబడిలోని బాగ్దాద్ మీదుగానే వచ్చింది. కానీ ఆ లెక్క చూసుకుని ఈ ఖర్చు పెట్టమని భారతీయుల్లో ఎవరూ చెప్పలేదు, వారిని ఎవరూ అడగనూ లేదు. ఫాసెట్ అడిగింది ఆ ఒక్క మాటే. ఆయన ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా 1874లో ఎన్నికల్లో ఓడిపోయినప్పుడు ఆయన తిరిగి పోటీ చేయడానికి ఇక్కడివాళ్లు చందాలు పోగుచేసి పంపారు.

పరాయి దేశంలో ఒక ప్రభుత్వం నడిపే కచేరీకి ఇల్లు ఎవరిది, అద్దె ఎవరిది, బొగ్గూ దీపాలూ కాపలా ఎవరి పద్దు అన్న ప్రశ్న చిల్లర లెక్కలా కనిపిస్తుంది. ఇండియా ఆఫీసు చరిత్ర చూస్తే అది చిల్లర లెక్క కాదని తెలుస్తుంది. సొమ్ము కట్టేవాడికి బిల్లును ప్రశ్నించే హక్కు లేనప్పుడు ఏమవుతుందో ఆ ఒక్క భవనమే చూపిస్తుంది.

1858లో ఈస్టిండియా కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. భారత వ్యవహారాలకు లండన్‌లో ఒక మంత్రి, ఆయనకు 15 మంది సభ్యుల కౌన్సిల్ ఏర్పడ్డాయి. మంత్రి జీతం ఏటా 5,000 పౌండ్లు. ఆయన జీతం మొదలుకొని గుమాస్తాల జీతాలు, కాగితం, కలం దాకా మొత్తం భారత ఆదాయం మీదే పెట్టారు. లెడెన్‌హాల్ వీధిలోని కంపెనీ పాత భవనం పార్లమెంటుకు దూరం. అందుకని దాన్ని వదిలేసి, 1860లో విక్టోరియా స్ట్రీట్‌లో కొత్తగా కట్టిన వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటల్లో ఒక భాగాన్ని అద్దెకు తీసుకున్నారు. సుమారు ఏడేళ్లు భారత ప్రభుత్వపు లండన్ కచేరీ ఒక హోటల్లో కాపురం ఉంది. ఒకే హోటల్లో ఒక పక్క ప్రయాణికులు, ఇంకో పక్క ఇండియా ఫైళ్లు. (ఆ హోటల్లోనే 1909లో ట్రాన్స్‌వాల్ భారతీయుల మొర వినిపించడానికి వచ్చిన గాంధీ బస చేశాడు.)

ఈలోగా సెయింట్ జేమ్స్ పార్కు పక్కన కొత్త భవనం లేచింది. విదేశాంగ శాఖకు, ఇండియా ఆఫీసుకు ఒకే చతురస్రంలో చోటు. ప్రధాని పామర్‌స్టన్‌కు గోతిక్ శైలి నచ్చలేదు. వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ తన గోతిక్ నమూనా పక్కన పెట్టి ఇటాలియన్ పద్ధతిలో మళ్లీ గీశాడు. ఇండియా ఆఫీసు లోపలి పని మాత్రం కంపెనీకి సర్వేయరుగా పనిచేసిన మాథ్యూ డిగ్బీ వయట్ చేతిలో పెట్టారు. 1875 నాటికి అదే చతురస్రంలో హోం శాఖ, వలసల శాఖ కూడా చేరాయి. నాలుగు శాఖల ఉమ్మడి కాపురమన్నమాట. అందులో మూడింటి ఖర్చు బ్రిటిష్ ట్రెజరీ భరించేది. నాలుగోదాని ఖర్చు సముద్రాలకు అవతల గుంటూరు, తంజావూరు, పట్నా రైతులు భరించారు. కెనడా, ఆస్ట్రేలియాల పని చూసే వలసల శాఖకు ఆ దేశాలు కానీ ఇవ్వలేదు. పక్క గదుల్లోని ఇండియా ఆఫీసు చప్రాసీ జీతం కూడా ఇండియాదే. ఈ తేడాను కాంగ్రెస్ నాయకులు ఏళ్ల తరబడి ఎత్తి చూపారు.

ఆ భవనంలో ఒక గది గురించి చెప్పాలి. మంత్రిగారు కూర్చునే ఆ గది కోలగా ఉంటుంది. లోపలికి రావడానికి పక్కపక్కనే రెండు తలుపులు, అచ్చంగా ఒకే కొలత. సమాన హోదా గల ఇద్దరు మహారాజులు ఒకేసారి వస్తే ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పేచీ రాకుండా రెండు తలుపులు పెట్టారని చెబుతారు. కౌన్సిల్ గదిలో 1730 ప్రాంతంలో రైస్‌బ్రాక్ చెక్కిన పాలరాతి చిమ్నీ ఉంది. బ్రిటానియా దేవత కూర్చుని ఉంటే తూర్పు దేశాలు తమ సంపదలు తెచ్చి ఆమెకు సమర్పిస్తుంటాయి. కంపెనీ పాత భవనం నుంచి దాన్ని ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించారు. అదే భావంతో స్పిరిడియోన్ రోమా 1778లో గీసిన పెద్ద చిత్రం కూడా అక్కడి కప్పు నుంచి ఇక్కడి కప్పుకు వచ్చింది. సంపద ఎటు నుంచి ఎటు పోతోందో వాళ్లేమీ దాచుకోలేదు.

మహారాజుల మర్యాదకు రెండు తలుపులు దొరికిన ఆ రోజుల్లో అమరావతి శిల్పాలకు నీడ దొరకలేదు. తెలుగువాళ్లకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఇది. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన రాళ్లు పద్నాలుగేళ్లు మద్రాసులో పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. మొత్తం 121 శిల్పాలు. అవి లండన్ చేరే సమయానికి కంపెనీ భవనం మూతపడుతోంది, ఇండియా ఆఫీసు హోటల్లో సర్దుకుంటోంది. కంపెనీ మ్యూజియం సామాను వైట్‌హాల్‌లోని ఫైఫ్ హౌస్ అనే పాత ఇంటికి మార్చారు. అక్కడా చోటు చాలలేదు. రెండు వేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున చెక్కిన పద్మాలు, పూర్ణకుంభాలు, జాతక కథలు ఆ ఇంటి గుర్రబ్బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. 1867 ప్రాంతంలో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని అక్కడే చూశాడు. ఫొటోలు తీయించాడు, ముక్కలు పోల్చి చూసి స్తూపం ఆకారం ఊహించాడు, మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. సుల్తానుకు విందు జరిగిన ముంగిలికి ఆ కొట్టం నడిచి వెళ్లేంత దూరం.

తర్వాత కథ పూర్తిగా అద్దె, నిర్వహణ లెక్కల కథే. ఫైఫ్ హౌస్‌ను 1869లో కూల్చేశారు. మ్యూజియం ఇండియా ఆఫీసు పై అంతస్తుకు ఎక్కింది. అంతంత మెట్లు ఎక్కి చూసేవాళ్లు ఉండరు కదా. 1875లో సౌత్ కెన్సింగ్టన్‌లో గ్యాలరీలు అద్దెకు తీసుకుని అక్కడికి దింపారు. జనం వచ్చారు. కానీ అద్దె, సిబ్బంది జీతాలు, మరమ్మతులు అన్నీ భారత ఆదాయం మీదే. లండన్ ప్రజలు చూసే మ్యూజియానికి లండన్ ఖజానా సొమ్ము ఇవ్వదు. భారత ఖజానా ఇవ్వడం అన్యాయమని ఇండియా ఆఫీసే ఒప్పుకుంటుంది. చివరికి 1879లో మ్యూజియాన్ని మూసేసి వస్తువులు పంచేశారు. కొన్ని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి, మొక్కల నమూనాలు క్యూ తోటకు, అమరావతి శిల్పాలు 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. భారత ఆదాయానికి ఆ ఖర్చు తప్పించడం వరకు న్యాయమే. ఖర్చు తప్పించే పేరుతో సొత్తును కూడా వదిలేయడం ఏ న్యాయమో ఎవరూ అడగలేదు. రాళ్లను మద్రాసుకు తిరిగి పంపడం మూడో దారి. కళ్లెదుటే ఉన్న ఆ దారి వాళ్లు తొక్కలేదు.

అసలు ఆతిథేయి చేత ఇల్లు కట్టించుకోవడం కంపెనీకి పాత అలవాటే. అందుకు సాక్ష్యం హైదరాబాద్ కోఠిలో నిలబడి ఉంది. 1803లో రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కొత్త రెసిడెన్సీ కట్టించడం మొదలుపెట్టాడు. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా రాతి సింహాలు. నిజాం దర్బారులో కంపెనీ రాయబారి కచేరీ అది. ఖర్చు నిజాంది. జాన్ మాల్కం చెప్పిన కథ ఒకటి ఉంది. స్థలం, కట్టడం చూపించే నక్షాను కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద గీయించి తీసుకెళ్తే నిజాం ససేమిరా అన్నాడట. అదే నక్షాను చిన్న అట్ట మీద గీయించి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడట. కథ నిజమో అల్లికో కానీ కోఠి భవనం మాత్రం నిజం. నిజాం కట్టిన మూల్యంలో ఆ భవనం చాలా చిన్న భాగం. 1800 ఒప్పందం ప్రకారం, తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు రాసిచ్చేశాడు. రాయలసీమకు దత్తమండలాలన్న పేరు ఆ లెక్కలోంచి పుట్టిందే.

లండన్ ఖర్చులకు సొమ్ము ఎలా చేరేదో తెలుసుకుంటే ఈ భారం ఎంతటిదో అర్థమవుతుంది. బంగారం ఓడల్లో పోయేది కాదు. భారత్ నుంచి పత్తి, నూనెగింజలు, తోళ్లు కొనే బ్రిటిష్ వర్తకులకు ఇక్కడ రూపాయలు కావాలి. ఇండియా మంత్రికి అక్కడ పౌండ్లు కావాలి. వర్తకుడు లండన్‌లో పౌండ్లు కట్టి కౌన్సిల్ బిల్లు అనే హుండీ కొనుక్కునేవాడు. ప్రతి బుధవారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఈ హుండీలు అమ్మేవాళ్లు. ఆ హుండీ కలకత్తాకో బొంబాయికో మద్రాసుకో వచ్చేది. ఇక్కడి ఖజానా శిస్తు సొమ్ములోంచి రూపాయలు చెల్లించేది. రైతు కట్టిన రూపాయి సరుకు కొనడానికి వాడేవాళ్లు, ఆ సరుకు విలువ లండన్‌లో ఇండియా ఆఫీసు ఖాతాలో పౌండ్లుగా తేలేది.

ఇందులో ఒక చిక్కుంది. ఖర్చు పౌండ్లలో, ఆదాయం వెండి రూపాయల్లో. 1870ల మొదట్లో రూపాయి విలువ రెండు షిల్లింగులకు కాస్త తక్కువ. అంటే లండన్‌లో 100 పౌండ్ల ఖర్చుకు ఇక్కడ వెయ్యి రూపాయల చిల్లర చాలు. వెండి ధర పడిపోయి 1894–95 నాటికి రూపాయి సుమారు 13 పెన్నీలకు దిగింది. అదే 100 పౌండ్లకు 1,850 రూపాయల దాకా పోయాల్సి వచ్చింది. లండన్‌లో ఒక్క కుర్చీ పెరగలేదు, ఒక్క గుమాస్తా పెరగలేదు, ఇక్కడ మాత్రం బిల్లు దాదాపు రెట్టింపయింది. అప్పుల మీద వడ్డీలు, రైల్వే గ్యారంటీలు, పెన్షన్లు, సైన్యం ఖర్చులు కలిసి ఈ స్వదేశీ ఖర్చులు శతాబ్దం ముగిసే నాటికి ఏటా కోటీ 60 లక్షల పౌండ్లు దాటాయి. స్వదేశం అంటే ఇంగ్లండ్ అని అర్థం చేసుకోవాలి. అందులో ఇండియా ఆఫీసు భవనం, సిబ్బంది వాటా చిన్నదే. కానీ ఆ చిన్న వాటాలోనే అన్యాయం అందరికీ కనిపించేలా ఉంది. వడ్డీ న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు. పాలించేవాడి జీతం, అతని గది అద్దె కూడా పాలితుడే కట్టాలనడానికి వాదం ఏముంది?

దాదాభాయి నౌరోజీ జీవితమంతా పట్టుకున్నది ఈ పద్దునే. 1895లో భారత వ్యయం మీద లార్డ్ వెల్బీ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేసినప్పుడు నౌరోజీ అందులో సభ్యుడు. సభ్యుడిగా ఉంటూనే సాక్షిగా కూడా తన లెక్కలు ముందుంచాడు. 1897లో సాక్ష్యం ఇవ్వడానికి ఇండియా నుంచి గోఖలే, వాచా, సురేంద్రనాథ్ బెనర్జీ ఓడెక్కారు. మద్రాసు నుంచి ‘ది హిందూ’ స్థాపకుల్లో ఒకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యర్ వెళ్లాడు. కమిషన్ 1900లో నివేదిక ఇచ్చింది. అధిక సంఖ్యాకులు కొద్దిపాటి ఊరట సిఫారసు చేశారు. నౌరోజీ, తోటి సభ్యులు వెడర్‌బర్న్, కెయిన్ విడిగా తమ అభిప్రాయం రాశారు. చేతికి అందింది తక్కువే. అయితే ఒక దేశపు పాలన ఖర్చును పాలకదేశం, పాలితదేశం ఎలా పంచుకోవాలన్న ప్రశ్న అధికారికంగా బల్ల మీదికి వచ్చింది. గుమాస్తాల పద్దుల్లో నలిగిన విషయం రాజ్యాంగ విషయమైంది.

రెండేళ్లకే ఆ ప్రశ్న అనుకోని చోటు నుంచి మళ్లీ లేచింది. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం. ఇండియా నుంచి రాజులు, సైనికులు లండన్ వచ్చారు. ఇండియా ఆఫీసు ముంగిట్లో పెద్ద స్వాగతసభ జరిగింది. ఆ ముంగిలికి దర్బార్ కోర్ట్ అన్న పేరు అప్పటి నుంచే వచ్చింది. అతిథులుగా పిలిచినవాళ్ల ఖర్చు వాళ్ల దేశం మీదే రాయబోతే ఈసారి ఎదురు తిరిగినవాడు వైస్రాయ్ కర్జన్. సామ్రాజ్యం మీద అంత మమకారం ఉన్న మనిషి కూడా ఇది సిగ్గుచేటన్నాడు. లండన్ మంత్రివర్గం వెనక్కి తగ్గింది. 1867లో ఫాసెట్ అడిగితే జరగనిది 35 ఏళ్ల తర్వాత కర్జన్ అడిగితే జరిగింది. బెంగాల్ విభజన చేసిన కర్జన్‌ను క్షమించనక్కర్లేదు, ఈ ఒక్క విషయంలో ఆయన నిలబడ్డ మాటా మరవనక్కర్లేదు.

ఇదే భవనంలో 1906 నుంచి రెండేళ్లు పనిచేసిన ఒక కుర్ర గుమాస్తా పేరు జాన్ మేనార్డ్ కీన్స్. కౌన్సిల్ బిల్లుల యంత్రాంగాన్ని అక్కడే దగ్గర నుంచి చూశాడు. 1913లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం భారత నాణేలు, ఆర్థిక వ్యవస్థ గురించే. ఇరవయ్యో శతాబ్దపు అంత పెద్ద ఆర్థికవేత్త మొదటి జీతం కూడా భారత రైతు కట్టిందే.

ఖర్చు పంపకం చివరికి 1919 చట్టంతో తేలింది. ఇకపై ఇండియా మంత్రి జీతం పార్లమెంటు మంజూరు చేసే సొమ్ము నుంచి. లార్డ్ క్రూ కమిటీ అదే ఏడాది పనుల్ని రెండుగా విడదీయమంది. పాలన పర్యవేక్షణ బ్రిటన్ పని, దాని ఖర్చు బ్రిటన్‌ది. సరుకుల కొనుగోలు, విద్యార్థుల బాగోగులు వంటివి భారత్ తరఫున చేసే పనులు, వాటి ఖర్చు భారత్‌ది. ఆ రెండో రకం పనులు చూడటానికి 1920లో భారత హైకమిషనర్ పదవి పుట్టింది. సర్ విలియం మేయర్ మొదటి హైకమిషనర్. ఆఫీసు గ్రోవెనర్ గార్డెన్స్‌లో 42, 44, 46 నంబర్ల ఇళ్లలో పెట్టారు. ఎవరి పని వాళ్ల పద్దు అన్న సూత్రం కాగితం మీదికి రావడానికి 60 ఏళ్లు పట్టింది.

మంత్రి జీతం పార్లమెంటు పద్దులోకి రావడం వల్ల ఇంకో లాభం ఉంది. అంతవరకు భారత బడ్జెట్ చర్చ అంటే కామన్స్‌లో బెంచీలు ఖాళీ అయ్యేవి. తమ నియోజకవర్గం డబ్బు కాదు కాబట్టి సభ్యులకు పట్టేది కాదు. జీతం తాము ఇవ్వడం మొదలయ్యాక ఆ జీతం పద్దు మీద ఏటా నిలదీయడానికి వాళ్లకు అవకాశం దొరికింది.

మూడు ఇళ్ల కాపురం ఎన్నాళ్లు? హైకమిషనర్ అతుల్ చటర్జీ హయాంలో ఆల్డ్‌విచ్‌లో ఇండియా హౌస్ లేచింది. కొత్త ఢిల్లీ సెక్రటేరియట్ కట్టిన హెర్బర్ట్ బేకరే దీన్నీ గీశాడు. దగ్గర్లోనే 1918లో తెరిచిన ఆస్ట్రేలియా హౌస్ ఉంది. అది విక్టోరియా రాష్ట్రం ముందే మూలలో కట్టుకున్న ఆఫీసును కలుపుకుని పెరిగిన భవనం. ఒక దేశం, దాని రాష్ట్రం ఒకే గోడ పంచుకోవడం అక్కడ ఒప్పందం మీద జరిగింది. ఇండియా హౌస్‌ను ఐదో జార్జ్ 1930 జూలై 8న ప్రారంభించాడు. ఆ రోజు గాంధీ ఎరవాడ జైల్లో ఉన్నాడు. గోడల మీద, గుమ్మటం లోపల చిత్రాలు వేయడానికి నలుగురు భారతీయ చిత్రకారుల్ని పిలిపించారు. రణద ఉకిల్, సుధాంశు చౌధురి, ధీరేంద్రకృష్ణ దేవవర్మ, లలిత్‌మోహన్ సేన్. కట్టించిన ప్రభుత్వం పరాయిదే, కానీ ఆ గోడల మీది కుంచె మనది.

1947లో ఇండియా హౌస్ ఇండియాకు దక్కింది. ఆస్తులు, అప్పులు 82.5, 17.5 శాతాలుగా పంచుకున్నారు. పాకిస్తాన్ లౌండ్స్ స్క్వేర్‌లో తన ఆఫీసు పెట్టుకుంది. 2014లో ఢిల్లీ ఆంధ్రప్రదేశ్ భవన్ 58.32, 41.68 శాతాల లెక్కన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పేచీలో పడి పదేళ్లకు గానీ తేలకపోవడం చూసినవాళ్లకు ఇటువంటి పంపకాల సంగతి చెప్పనక్కర్లేదు. లండన్‌లో తెగనిది ఇండియా ఆఫీసు లైబ్రరీ వ్యవహారం. 1801లో కంపెనీ మొదలుపెట్టిన ఆ గ్రంథాలయం కూడా మన సొమ్ముతో పెరిగిందే. 1955లో మౌలానా ఆజాద్ భారత్ తరఫున అది మాకు రావాలని కోరాడు. పాకిస్తానూ వాటా అడిగింది. తీర్పు రాలేదు. పుస్తకాలు 1967లో బ్లాక్‌ఫ్రయర్స్ రోడ్డులోని ఆర్బిట్ హౌస్‌కు, ఆ తర్వాత బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. సి.పి. బ్రౌన్ ఈ పని వందేళ్ల ముందే కొంత చేశాడు. 1830ల్లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు కంపెనీ లైబ్రరీలో ఎవరూ తాకని దక్షిణాది తాళపత్రాలు చూసి, అధికారుల్ని ఒప్పించి మద్రాసుకు పంపించాడు. ఒక ఉద్యోగి పట్టుదలతో సాధించినదాన్ని రెండు స్వతంత్ర ప్రభుత్వాలు సాధించలేకపోయాయి.

ఇష్టపడి ఉమ్మడిగా ఉండే కచేరీలు ఇటీవలి సంగతి. బెర్లిన్‌లో 1999లో డెన్మార్క్, ఫిన్లండ్, ఐస్‌లండ్, నార్వే, స్వీడన్ ఒకే ఆవరణలో ఐదు రాయబార కార్యాలయాలు కట్టుకున్నాయి. చుట్టూ 15 మీటర్ల ఎత్తున పచ్చటి రాగి పట్టీ. లోపల ఎవరి భవనం వారిది, ఎవరి వాస్తుశిల్పి వారి దేశం నుంచి. సభామందిరం, ప్రదర్శనశాల, క్యాంటీన్ ఉన్న ఆరో భవనం అందరిదీ. ఏది విడి, ఏది ఉమ్మడి అన్నది కట్టక ముందే తేల్చుకోవడం ఆ ఏర్పాటు బలం.

అమెరికా రాయబార కార్యాలయాల్లో చిక్కు మరోలా ఉంటుంది. అక్కడ ఒకే దేశపు విదేశాంగ శాఖ, వాణిజ్య శాఖ, వ్యవసాయ శాఖ, రక్షణ శాఖ ఒకే కప్పు కింద ఉంటాయి. 1990ల చివరిదాకా ఉమ్మడి ఖర్చులో ఎక్కువ భాగం విదేశాంగ శాఖ మీదే పడేది. తర్వాత పద్ధతి మారింది. భవన నిర్వహణ ఖర్చు చదరపు అడుగుల లెక్కన, కార్ల ఖర్చు నడిచిన దూరం లెక్కన, వైద్యం మనుషుల లెక్కన పంచుతారు. ప్రతి కార్యాలయంలో వాటాదారు శాఖల ప్రతినిధులతో ఒక కౌన్సిల్ ఉంటుంది. సొమ్ము కట్టే ప్రతి శాఖకూ అందులో మాట ఉంటుంది. ఇటువంటి కచేరీల్లో ఒకటి హైదరాబాద్‌కు వచ్చింది. 2008లో అమెరికన్ కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అద్దెకు దిగింది. వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ భవనం ప్రభుత్వ సొత్తు. ఒకప్పుడు పరాయి రాయబారికి నిజాం సొంత ఖర్చుతో భవనం కట్టించి ఇచ్చిన ఊళ్లో ఇప్పుడు పరాయి ప్రభుత్వం అద్దె కట్టింది. 2023 మార్చిలో వాళ్లు నానక్‌రాంగూడలో 34 కోట్ల డాలర్లతో కట్టుకున్న సొంత భవనానికి మారిపోయారు.

అద్దె కుదిరాక కూడా బేరం ఆగదు. 1961 వియన్నా ఒప్పందం 23వ అధికరణం ప్రకారం రాయబార కార్యాలయం మీద పన్నులు వేయకూడదు. అందుకున్న సేవకు రుసుము మాత్రం కట్టాలి. నీళ్లకు కట్టాలి, ఆస్తి పన్ను కట్టనక్కర్లేదు. బ్రిటన్‌లో స్థానిక పన్నులో వీధిదీపాలు, అగ్నిమాపక దళం వంటి సేవల కింద లెక్కగట్టిన 6 శాతం మాత్రమే విదేశీ కార్యాలయాల నుంచి అడుగుతారు. 2003లో లండన్ నడిబొడ్డున కార్లకు రద్దీ రుసుము పెట్టాక పేచీ మొదలైంది. అది రోడ్డు వాడుకున్నందుకు రుసుమని లండన్ రవాణా సంస్థ అంటుంది. కాదు, పన్నేనని చాలా దేశాలు అంటాయి. 2024లో ఆ సంస్థ బకాయిల జాబితా బయటపెట్టింది. అమెరికా పేరు మీద కోటీ 46 లక్షల పౌండ్లు, జపాన్ మీద కోటి, భారత హైకమిషన్ మీద 85 లక్షలకు పైగా. వియన్నా ఒప్పందం ప్రకారం అది తాము కట్టాల్సిన పద్దు కాదన్నదే ఈ దేశాల వాదన. లండన్ పంపిన బిల్లులు ఇంకా వసూలు కాలేదు.